రుద్రదేవ మహారాజు అనే అమ్మమ్మ

మా టేకుమట్లలో కాకతీయుల గురించి ఎవరూ పనిగట్టుకుని చెప్పరు. పాత చెరువు కనబడితే వాళ్లదంటారు, కూలిన గుడి కనబడితే వాళ్లదంటారు. అంతే.

చిన్నప్పుడు మొదటిసారి హైదరాబాదు వెళ్లి, టాంక్‌బండ్ మీద రుద్రమదేవి విగ్రహం చూసొచ్చి అమ్మమ్మకు గొప్పగా చెప్పాను. ఆమె ఒకటే అడిగింది: "చీర కట్టుకున్నదా, మొగోని బట్టలేసుకున్నదా?" పేరు చదివానేగానీ బట్టలు చూసుకోలేదు నేను.

1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం అక్కడ పెట్టించిన 33 విగ్రహాల్లో ఆడవాళ్లు ఇద్దరే, రుద్రమ, మొల్ల. యుద్ధం నడిపిన స్త్రీగా రుద్రమకు చోటు దొరికినందుకు అప్పట్లో మురిసిపోయాను. అమ్మమ్మ ప్రశ్న ఎంత లోతైనదో శాసనాల సంగతి చదివాకే తెలిసింది. గణపతిదేవుడు కూతురికి రాజ్యం అప్పగిస్తూ ఆమెను రుద్రదేవ మహారాజుగా నిలబెట్టాడు. సింహాసనం మీద కూర్చోవాలంటే పేరు కూడా మగవాడిదే కావాలి! ఇక మార్కోపోలో అయితే ఆమెను చనిపోయిన రాజుగారి భార్యగా రాసిపెట్టాడు. నిజానికి ఆ రాజు ఆమె తండ్రి. ఏలుతున్న ఆడది కనబడితే వితంతువే అయ్యుంటుందని అనుకోవడం తేలిక కాబోలు.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది నకిరేకల్ దగ్గరి చందుపట్ల శాసనం. తేదీ 1289 నవంబరు 27. వేయించింది రాజబంధువు కాదు. సేనాని మల్లికార్జున నాయకుడి దగ్గర పనిచేసిన పువ్వుల ముమ్మడి. రుద్రమదేవి, తన దొర ఇద్దరూ శివసాయుజ్యం పొందారని చెప్పి, వాళ్ల పుణ్యం కోసం సోమనాథదేవుడికి భూమి ఇచ్చాడు. ఎక్కడ చనిపోయారో, ఎవరి చేతిలోనో అందులో లేదు. తిరగబడ్డ కాయస్థ అంబదేవుడి మీదికి దండెత్తిన యుద్ధంలోనే అని చరిత్రకారుల ఊహ.

అప్పటికి ఆమె యువరాణి కాదు. కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ణి వారసుడిగా చేసుకున్న అమ్మమ్మ. సేనానితో పాటు ఆ వయసులో దండులో ఉంది. నేను చూసిన బొమ్మలూ, విగ్రహాలూ, 2015లో వచ్చిన సినిమా, అన్నీ ఆమెను పడుచుదనంలోనే నిలబెట్టాయి. ముడతలు పడ్డ చేతిలో కత్తి మనకు నచ్చదేమో.

వరంగల్ దగ్గర బొల్లికుంటలో దొరికిన రెండు శిల్పాలు రుద్రమవేనని 2017లో పురావస్తు శాఖ వాళ్లు అభిప్రాయపడ్డారు. ఒకదాంట్లో గుర్రం మీద ఉంది. రెండోదాంట్లో అలసిపోయి ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. ఆ రెండో బొమ్మను అమ్మమ్మకు చూపించి ఉంటే బాగుండేది. పొలం నుంచి వచ్చి అరుగు మీద ఆమె కూలబడేది కూడా అట్లాగే.