ఆ నలుపులో రసాయనం వాటా

అడవి మనుషుల పాత ఫోటోల్లో ముఖాలు ఎందుకంత నల్లగా ఉంటాయి? భద్రాచలం చుట్టుపక్కల కోయలు, కొండరెడ్ల ఫోటోలు చూసినప్పుడల్లా నాకొచ్చే ప్రశ్న ఇది. వాళ్ళ రంగే అంత అనుకుని దాటేస్తాం. ఇంట్లో ఫిల్ము కడగడం మొదలుపెట్టాక తెలిసింది, ఆ నలుపులో కొంత వాటా రసాయనానిదని.

ముందు ప్లేటు సంగతి. తొలినాటి ప్లేట్లు నీలి వెలుతురునే పట్టేవి. తర్వాతి ఆర్థోక్రొమాటిక్ రకం ఆకుపచ్చని కూడా పట్టింది గానీ ఎరుపు దానికి ఆనదు. గోధుమరంగు చర్మం నుంచి వచ్చే వెలుగులో ఎరుపే ఎక్కువ. అంచేత ఎండలో నిలబడ్డ మనిషి కూడా ఉన్నదానికంటే నల్లగా పడతాడు. ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారి 1909లో ఏడు సంపుటాలుగా తెచ్చిన ‘కాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా’ అలాంటి ప్లేట్ల కాలం నాటిది. థర్‌స్టన్ మనుషుల ముక్కులు కొలిచినవాడు. ఆ కొలతల పక్కన అచ్చయిన ఫోటో కూడా కొలతలాగే కనిపిస్తుంది.

రెండోది వేడి. పుస్తకాలు డెవలపర్‌కి చెప్పే ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మే నెలలో ఖమ్మంలో ట్యాంకు నీళ్ళలో చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. డీ-76లో 20 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు పట్టే ఫిల్ముకి 24 దగ్గర సుమారు 7 నిమిషాలు చాలు. అంతకు మించితే వెలుగు బాగా పడ్డ భాగాలు నెగెటివ్ మీద మరీ చిక్కబడతాయి, నీడలు దాదాపు ఉన్నచోటే ఉంటాయి. ప్రింటులో తెల్లపంచె, గోదావరి ఇసుక తెల్లబారిపోకుండా చూసుకుంటే, చెట్టునీడలోని ముఖం మసైపోతుంది.

ఇంకా వేడెక్కితే ఫిల్ము మీది జెలటిన్ మెత్తబడుతుంది. వెంటనే చల్లనీళ్ళలో పడిందా, ఎండిన చెరువులా నెర్రెలిస్తుంది. దీన్ని రెటిక్యులేషన్ అంటారు. మెత్తని జెలటిన్ ఉన్న రోలొకటి కావాలనే వేడినీళ్ళలోంచి ఐసు నీళ్ళలోకి మార్చి చూశాను. ఆకాశమంతా నెర్రెలు వస్తాయనుకున్నాను గానీ, ముఖాలు కూడా ముడతలు పడి ముసలివైపోతాయనుకోలేదు. జెలటిన్ ఉబ్బకుండా కోడాక్ డీకే-15 లాంటి డెవలపర్లలో సోడియం సల్ఫేట్ కలిపేవారు. వాటిని ‘ట్రాపికల్’ డెవలపర్లు అన్నారు. అంటే 20 డిగ్రీల ఊరు మామూలుది, మనది మినహాయింపు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక, వియన్నాలో పుట్టిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ జర్మన్ పాస్‌పోర్టు వల్ల శత్రుదేశస్థుడై హైదరాబాద్ సంస్థానంలోనే ఉండిపోవాల్సొచ్చింది. అలా పాపికొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగి రాసిన ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ 1945లో వచ్చింది. ఆయన ఫోటోలు లండన్‌లోని సోయస్‌లో ఉన్నాయి. అప్పటికి ఎరుపుని చూడగల పాన్‌క్రొమాటిక్ ఫిల్ము వచ్చేసింది. గోదావరి ఎండ మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడిదంతా ఎందుకంటే, పోలవరం కోసం 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన వేలేరుపాడు వైపు కొండరెడ్ల పల్లెలు ముంపు ప్రాంతంలో ఉన్నాయి. రేపు అక్కడి పిల్లలకి తాతల ఊరంటే ఈ ఫోటోలే. వాటి కింద ఊరి పేరు, తెగ పేరు, సంవత్సరం రాస్తున్నాం. దొరికినచోటల్లా ఏ ఫిల్ము, ఎక్కడ కడిగారు అన్నది కూడా రాయాలి. లేకపోతే ఎమల్షన్ చేసిన నలుపుని ఆ పిల్లలు తాత ముఖమనుకుంటారు.