వలసపోయిన పూర్వుల జన్మగ్రామ నిర్ణయము

వంశచరిత్ర పరిశోధనమున పేరు దొరకుట సులభము. ఊరు దొరకుట దుర్లభము. సముద్రము దాటిపోయిన పూర్వుని పేరు నోటి మాటగానో, గోరీ రాతిమీదనో నిలిచియుండును. అతడు పుట్టిన గ్రామము మాత్రము రెండు తరములలో మరపునకు వచ్చును. ఊరు తెలియనిదే జ్ఞాతులు తెలియరు; జ్ఞాతులు తెలియనిదే వంశవృక్షము వేరులేని చెట్టగును. కావున జన్మగ్రామ నిర్ణయమే ఇట్టి పరిశోధనమునకు మూలము.

పోర్చుగీసువారి వలసచరిత్రము దీనికి మంచి దృష్టాంతము. 1878 సెప్టెంబరు 30వ తేదీన ప్రిసిల్లా యను ఓడ మదీరా ద్వీపమునుండి కూలివారిని గొని హవాయి దీవులలోని హొనొలులు రేవు చేరెను. అటుపిమ్మట 1913 వరకు మదీరానుండియు, అజోరు ద్వీపములనుండియు వేలకొలది జనులు చెరకుతోటల పనికై అచ్చటికి పోయిరి. వారి మనుమలకు తెలిసినది తరచుగా "పోర్చుగలు" అను నొక్క మాటయే. అజోరు ద్వీపములు తొమ్మిది; ప్రతి ద్వీపమునందును పెక్కు పారిషులు. క్రొత్త దేశమున పెరీరా పెర్రీ యయ్యెను. రోడ్రిగ్స్ రోజర్స్ అయ్యెను. అయినను స్వదేశమున బాప్తిస్మ పుస్తకములు పారిషుల వారీగా భద్రపడియున్నవి. 1860 తరువాతి పుస్తకములలో శిశువు తల్లిదండ్రుల పేర్లతోపాటు తాతల పేర్లును క్రమముగా వ్రాయబడినవి. పారిషు పేరొక్కటి చేజిక్కినచో మూడు తరముల వృత్తాంత మొక్క పుటలో లభించును. అందుచే అచ్చటి పరిశోధకుడు కడపటి పత్రమునుండి మొదలిడి, మరణలేఖనము, వివాహలేఖనము, ఓడపట్టిక అను క్రమమున వెనుకకు నడచి ఆ పారిషు పేరును వెదకును.

తెలుగువారి విషయమున మార్గ మించుక భిన్నము. మనకు బాప్తిస్మ పుస్తకములవంటివి సామాన్యముగా లేవు. కాని ఇంటిపేరు కలదు. ఇంటిపేర్లలో పెక్కులు గ్రామనామములనుండి పుట్టినవి. కందుకూరు, గురజాడ, వేటూరు, నిడదవోలు మొదలగు గ్రామముల పేర్లు ఇంటిపేర్లై నిలిచియున్నవి. మల్లినాథసూరి కోలాచల వంశనామమును బట్టియే అతని మూలస్థానము మెదకు సీమలోని కొల్చారమని పండితులు నిర్ణయించిరి. అయితే ఇచట నొక మెలకువ యావశ్యకము. ఒక యూర నున్నవారిని ఆ యూరి పేరుతో పిలుచుటకు కారణ ముండదు. ఆ యూరు విడిచి మరియొక చోటికి వచ్చినపుడే పొరుగువా రట్లు పిలుతురు. కాబట్టి ఇంటిపేరు తెలుపునది పుట్టిన యూరు కాదు, పూర్వు డెవ్వడో విడిచివచ్చిన యూరు. వీరేశలింగము పంతులు 1848లో జన్మించినది రాజమహేంద్రవరమున. ఇంటిపేరు మాత్రము కందుకూరి. ఈ భేదమును గుర్తింపనివారు ఒక తరమువాని జన్మస్థలమును పది తరములవెనుక వెదకుదురు.

ఓడలెక్కిన తెలుగువారికి ఈ సాధనమును చాలవరకు లోపించెను. 1860 అక్టోబరు 12న చెన్నపట్టణమున బయలుదేరిన ట్రూరో యను ఓడ నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని నేటాలు సీమకు 342 మందిని చేర్చెను. 1911 వరకు అట్లు ఒప్పందపు కూలికై నేటాలు చేరినవారు 1,52,184 మంది. వారిలో అధిక సంఖ్యాకులు చెన్నపట్టణపు రేవునుండి పోయినవారు. ఫిజీ దీవులకు 1903 మొదలు చెన్నపట్టణమునుండి ఓడలు నడచినవి. ఓడపట్టికలలోను, ప్రయాణపు చీటీలలోను పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, శరీరముమీది పుట్టుమచ్చలు వ్రాయబడినవి. ఇంటిపేరునకు మాత్రము ప్రత్యేక స్థానము లేదు. క్రమముగా దక్షిణాఫ్రికాలో నాయుడు, రెడ్డి యను బిరుదములే ఇంటిపేర్లైనవి. మారిషసునందు తాత పేరో తండ్రి పేరో ఇంటిపేరుగా స్థిరపడెను.

అయినను ఆ పట్టికలు అమూల్యములు. వానిని చదువుటయందు మూడు చిక్కులు కలవు. మొదటిది లిపి. గుమాస్తా చెవికి సోకినట్లు ఇంగ్లీషు అక్షరములలో వ్రాసిన పేరున ట-త, డ-ద, ళ-ల భేదములు నశించును. కావున గ్రామనామమును తెలుగున ఎన్ని విధముల చదువవచ్చునో అన్ని విధములను పరీక్షింపవలెను.

రెండవది జిల్లాల ఎల్లలు మారుట. తణుకు, భీమవరము, నరసాపురము తాలూకాలు 1904 వరకు గోదావరి జిల్లాలోనివి. ఆ యేట కృష్ణా జిల్లాలో కలిసినవి. 1925లో పశ్చిమ గోదావరి జిల్లాలోనికి వచ్చినవి. కాబట్టి ఒకే యూరివా రిద్దరిలో 1890లో పోయినవానిది గోదావరి జిల్లా, 1910లో పోయినవానిది కృష్ణా జిల్లా యని కనబడినను విరోధము లేదు. నేటి శ్రీకాకుళము జిల్లా 1950లో విశాఖపట్టణము జిల్లానుండి ఏర్పడినది; గంజాము జిల్లా 1936లో ఒరిస్సాలో చేరినది. ఏ సంవత్సరపు పట్టికకు ఆ సంవత్సరపు పటమునే చూడవలెను.

మూడవది నామసామ్యము. రామగిరి యను పేరునే తీసికొన్నచో, పెద్దపల్లి జిల్లాలో మంథనికి చేరువ దుర్గముతో నొప్పుచున్న రామగిరి యొకటి. బంగారు గనులకు పేరొందిన అనంతపురపు సీమలోని రామగిరి వేరొకటి. చిత్తూరు సీమలో వాలీశ్వరుడు వెలసిన రామగిరి ఇంకొకటి. కాళిదాసుని యక్షుడు నివసించిన రామగిరి తమదే యని పలుతావులవారు చెప్పుకొందురు; ప్రభావతీగుప్త రిద్ధపురపు తామ్రశాసనము రామగిరిస్వామి పాదమూలమునుండి వెలువడుటచే పండితులు నాగపురమునకు దాపునగల రామటేకము వైపు మొగ్గిరి. శాసనసాక్ష్యము పేరుతోపాటు ప్రదేశమును గూడ నిర్దేశించుటయే దాని బలము. పేరొక్కటే ప్రమాణము కాదు. అభిమానము అసలే ప్రమాణము కాదు.

రేవును జన్మస్థానమని భ్రమించుటయు సాధారణ దోషమే. బర్మాదేశమున తెలుగువారినెల్ల కోరంగీలని పిలిచిరి. అది వా రోడ యెక్కిన కోరంగి రేవు పేరేగాని, వారందరి సొంతయూరు కాదు.

ఇట్టి సందేహములందు వ్యక్తినామములు కొంత తోడ్పడును. తెలుగువారు ఇలవేల్పు పేరు బిడ్డలకు పెట్టుట వాడుక. అప్పలస్వామి, సింహాద్రి యను పేర్లు సింహాచలపు అప్పన్నను, పైడితల్లి యను పేరు విజయనగరపు అమ్మవారిని స్ఫురింపజేయును. అట్లే కొమురయ్య కొమురవెల్లి మల్లన్నకు, రాజయ్య వేములవాడ రాజన్నకు, ఓదెలు ఓదెల మల్లన్నకు చెందిన పేర్లు. ఇవి గ్రామమును నిర్ణయింపజాలవు. సీమను మాత్రము సూచించును. సీమ తెలిసిన పిదప ఇనాము రిజిస్టర్లు, గ్రామకైఫీయతులు, వంశావళులు చెప్పు భట్రాజుల, పిచ్చుకుంట్లవారి నోటిపాఠములు, కాశీగయలలో పండాల బహీలు పరిశీలింపవలెను. ఓడపట్టికలోని తండ్రిపేరు, కులము, గ్రామము అను మూడును స్వదేశపు సాక్ష్యముతో ఏకీభవించిననే నిర్ణయము స్థిరము. ఒక్కటి కుదిరి రెండు తప్పినచో ఊహగానే నిలుపవలెను.

ఈ విచారము విదేశములకు పోయినవారికే పరిమితము కాదు. రామగిరి దుర్గపు పాదసీమయే నేడు వలసవారి సీమ. ఇల్లెందున 1889లో మొదలైన బొగ్గు త్రవ్వకము 1960 ప్రాంతమున రామగుండమునకు వ్యాపించెను. గని పేరే ఊరి పేరై గోదావరిఖని వెలసెను. నానా గ్రామములనుండి వచ్చి గనిలో దిగిన కూలీలలో కొందరు మారుపేర్లతో పనిలో చేరిరి. కంపెనీ పుస్తకమున నొక పేరు, ఊరి కాగితములలో మరియొక పేరు నుండుటచే, తండ్రి యుద్యోగము కొడుకునకు వచ్చుతరి ఇద్దరును ఒకరేయని రుజువు చేయవలసిన కష్టము కలిగినది. నేటాలు గుమాస్తా వ్రాతయం దేర్పడిన చిక్కే ఇచటను ఏర్పడినది. భేదము సముద్రము లేకపోవుటయే. అదిగాక ఓపెన్‌కాస్టు గనులకై ఊళ్లకు ఊళ్లే లేచిపోవుచున్నవి. ఊరు భూమిమీద లేనినాడు దాని పేరు పుస్తకమునందైన నుండవలెను.

పాఠశాలలలోని పండితులు ఈ పనికి మిక్కిలి తగినవారు. విద్యార్థులచేత తాతముత్తాతల పేర్లు, విడిచివచ్చిన యూరు, తాలూకా, ఇంటిపేరు, ఇలవేల్పు, మారుపేరున్నచో అదియు పెద్దల నోట విని వ్రాయించినచో, వ్యయము లేకయే ఒక్కొక్క పల్లెకు వలసచరిత్ర యేర్పడును. పోర్చుగీసు పారిషు పుస్తకము చేసిన మేలు తెలుగునాట బడిపుస్తకము చేయగలదు. చెప్పగల వృద్ధులు బ్రదికియుండగనే అది జరుగవలెను.