పిలిస్తే పలకని రౌటర్: పింగ్ వెనక 40 ఏళ్ల కథ



మన ఊళ్లలో పెద్దోళ్లు పిల్లలకి ఒక మాట చెప్పేవాళ్లు. రాత్రిపూట బయటి నుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలకొద్దు, మూడోసారి పిలిచాకే పలకాలి అని. మనిషైతే మళ్లీ మళ్లీ పిలుస్తాడు, దయ్యమైతే ఒక్కసారి పిలిచి పోతుంది అని నమ్మకం. ఇంట్లో పెట్టుకునే వైఫై రౌటర్‌లో కూడా ఇలాంటి సెట్టింగ్ ఒకటి ఉంటుంది. బయటి నుంచి పింగ్ వస్తే జవాబు ఇవ్వాలా, వద్దా అని. మొన్న ఒక తమ్ముడు కొత్త రౌటర్ సెట్ చేస్తూ ఇదే అడిగాడు. "అన్నా, ఈ పింగ్ ఆపేస్తే ఇక హ్యాకర్లకి మనం కనపడమంట కదా, నిజమేనా?"

ఒక్క మాటలో జవాబు చెప్పేయొచ్చు. కానీ ఆ గడి మన రౌటర్‌లోకి ఎలా వచ్చిందో తెలిస్తే జవాబు ఎవర్నీ అడగక్కర్లేదు. అందుకే ఈ చరిత్ర రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టే, ఓపికగా చదవండి.

ఇంటర్నెట్ మొదలయ్యే రోజుల్లో డేటా పంపడానికి ఒక పద్ధతి పెట్టుకున్నారు. అది ఐపీ. కానీ దారిలో ఏదైనా తేడా వస్తే పంపినవాడికి కబురు ఎవరు చెప్పాలి? దానికోసం 1981 సెప్టెంబర్‌లో జాన్ పోస్టెల్ ఇంకో పద్ధతిని కాగితం మీద పెట్టాడు. దాని పేరు ఐసీఎంపీ. ఇది డేటా మోయదు, కబుర్లు మోస్తుంది. "ఈ అడ్రస్‌కి దారి లేదు", "నీ ప్యాకెట్ తిరిగి తిరిగి టైమ్ అయిపోయింది" లాంటివి. అందులోనే ఒక చిన్న కబురు "ఎకో". ఒకడు ఎకో రిక్వెస్ట్ పంపుతాడు, అందుకున్నవాడు అదే డేటాని వెనక్కి పంపాలి. కొండకి ఎదురుగా నిలబడి కేకేస్తే మన కేక మనకే తిరిగి వస్తుంది కదా, అలా అన్నమాట.

రెండేళ్ల తర్వాత, 1983 డిసెంబర్‌లో, అమెరికాలోని మేరీల్యాండ్‌లో సైన్యానికి చెందిన బాలిస్టిక్ రీసెర్చ్ ల్యాబొరేటరీలో మైక్ మూస్ అనే ఇంజనీరు ఉండేవాడు. అక్కడి నెట్‌వర్క్ ఏదో తేడాగా నడుస్తోంది. లోపం ఎక్కడో దొరకడం లేదు. ఒక్క సాయంత్రం కూర్చుని ఆ ఎకో కబురుని పంపి, జవాబు ఎంతసేపట్లో వచ్చిందో లెక్కగట్టే చిన్న ప్రోగ్రామ్ రాశాడు. కాలేజీ రోజుల్లో సోనార్ మీద పని చేసినవాడు కాబట్టి, సముద్రం లోపల సోనార్ చేసే చప్పుడు పేరే దానికి పెట్టాడు: పింగ్. తర్వాత కొందరు ఆ అక్షరాలకి పెద్ద పెద్ద విస్తరణలు కనిపెట్టారు గానీ, అసలు పేరు ఆ చప్పుడే. మూస్ 2000 నవంబర్‌లో రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. ఆయన రాసిన ప్రోగ్రామ్ మాత్రం ఈరోజు దాదాపు ప్రతి కంప్యూటర్‌లో ఉంది.

మూస్ చెప్పుకున్న కథల్లో ఒకటి నాకు బాగా ఇష్టం. ఒకాయన బిల్డింగ్‌లో కేబుల్ ఎక్కడ లూజుగా ఉందో వెతకాలి. కంప్యూటర్ సౌండ్ పెద్దగా పెట్టి, జవాబు వచ్చినప్పుడల్లా పింగ్ అని అరిచేలా ఏర్పాటు చేశాడు. తర్వాత గదులన్నీ తిరుగుతూ ఒక్కో వైరు కదిపి చూశాడు. ఏ వైరు దగ్గర అరుపు ఆగిందో లోపం అక్కడే. పింగ్ పుట్టింది ఇలాంటి పనికి. దొంగలకోసం కాదు, రిపేరుకోసం.

ఆ రోజుల్లో నెట్‌వర్క్ అంటే యూనివర్సిటీలు, ల్యాబులు. చాలావరకు ఒకరికొకరు తెలిసినవాళ్లే. 1989 అక్టోబర్‌లో రాసిన నియమాల్లో, ఇంటర్నెట్‌కి కలిసిన ప్రతి కంప్యూటరూ ఎకోకి జవాబు ఇచ్చే ఏర్పాటు కలిగి ఉండి తీరాలి అని పెట్టారు. అంటే పలకడం అప్పట్లో మర్యాద కాదు, రూలు.

మరి పలకకుండా ఉండటం ఎప్పుడు మొదలైంది? మూడు దెబ్బలు తిన్నాక.

మొదటి దెబ్బ 1996 చివర్లో. ఐపీ ప్యాకెట్ సైజుకి ఒక హద్దు ఉంది, 65,535 బైట్లు. పింగ్‌ని ముక్కలు ముక్కలుగా పంపి, అవతలివైపు కలిపినప్పుడు ఆ హద్దు దాటేలా చేయొచ్చని కొందరు కనిపెట్టారు. అవతలి కంప్యూటర్‌కి అంత చోటు లేక టపీమని ఆగిపోయేది. కంప్యూటర్లే కాదు, ప్రింటర్లు, రౌటర్లు కూడా. దీన్ని "పింగ్ ఆఫ్ డెత్" అన్నారు. కంపెనీలు తొందరగానే సాఫ్ట్‌వేర్ సరిచేశాయి. పేరు మాత్రం జనం మనసులో ఉండిపోయింది: పింగ్ అంటే ప్రమాదం.

రెండోది స్మర్ఫ్ దాడి. 1998 జనవరికల్లా దీనిమీద అధికారిక హెచ్చరికలు వచ్చాయి. ఒక నెట్‌వర్క్‌లో అందరికీ ఒకేసారి వినపడే అడ్రస్ ఒకటి ఉంటుంది, బ్రాడ్‌కాస్ట్ అడ్రస్. దొంగ ఆ అడ్రస్‌కి ఒక్క పింగ్ పంపుతాడు, కానీ పంపినవాడి స్థానంలో తన అడ్రస్ బదులు తనకి గిట్టనివాడి అడ్రస్ రాస్తాడు. ఆ నెట్‌వర్క్‌లో ఎంతమంది ఉంటే అంతమంది ఆ అమాయకుడికి జవాబు పంపుతారు. ఒక్క కేకకి వంద గొంతులు ఒకడి చెవిలో అరిచినట్టు. ఇక్కడ తప్పు పలకడంలో లేదు. ఎవరు పిలిచారో చూడకుండా గుంపంతా పలకడంలో ఉంది. అందుకే 1999 ఆగస్టులో రౌటర్ల నియమం మార్చారు. బయటినుంచి బ్రాడ్‌కాస్ట్‌కి వచ్చేదాన్ని డిఫాల్ట్‌గా లోపలికి వదలొద్దు అని.

మూడోది 2003 ఆగస్టు. బ్లాస్టర్ అనే పురుగు విండోస్ కంప్యూటర్లలో పాకింది. వారం తిరిగేసరికి ఇంకో పురుగు వచ్చింది, దాని పేరు నాచీ, వెల్చియా అని కూడా అంటారు. విచిత్రం ఏంటంటే ఇది బ్లాస్టర్‌ని తీసేసి, మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ప్యాచ్ వేయడానికి చూసేది! మంచి చేయడానికి వచ్చినట్టే వచ్చింది. కానీ ఒక అడ్రస్‌లో కంప్యూటర్ ఉందో లేదో తెలుసుకోవడానికి ముందు పింగ్ చేసేది. లక్షల పింగులతో నెట్‌వర్కులు నిండిపోయి అసలు పనులు ఆగిపోయాయి. చాలాచోట్ల నెట్‌వర్క్ వాళ్లు పింగ్‌నే మూసేశారు. తర్వాతి ఏడాది, 2004 ఆగస్టులో, విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 వచ్చింది. అందులో ఫైర్‌వాల్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉండేది, బయటి పింగ్‌కి పలికేది కాదు.

ఈ మధ్యలోనే ఇళ్లకి బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. 1999లో అమెరికాలో స్టీవ్ గిబ్సన్ "షీల్డ్స్ అప్" అనే ఉచిత పరీక్ష పెట్టాడు. మీ కంప్యూటర్ తలుపులు తెరిచున్నాయా, మూసున్నాయా, అసలు కనపడవా అని చెప్పేది. దేనికీ పలక్కపోతే "స్టెల్త్" అని మెచ్చుకునేది. పింగ్‌కి పలికితే ఫెయిల్. జనానికి ఆ పాస్ మార్కు కావాలి. ఇంటి రౌటర్లలో పింగ్‌కి పలకొద్దు అనే గడి మామూలైపోయింది. తమ్ముడు చూపించిన గడి ఇదే.

ఇప్పుడు అసలు ప్రశ్న. పలకకపోతే మనం క్షేమమేనా?

2013 ఆగస్టులో మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు జీమ్యాప్ అనే పనిముట్టు బయటపెట్టారు. ఒక్క కంప్యూటర్‌తో, మంచి స్పీడు లైను ఉంటే, పాత ఐపీ అడ్రసులన్నీ, అంటే 400 కోట్లకి పైగా, 45 నిమిషాల్లోపే తట్టి చూడొచ్చు. ఇంత తేలికైనప్పుడు దొంగ ముందు పింగ్ చేసి, పలికినవాళ్ల ఇంటికే వెళ్లాల్సిన అవసరం ఏముంది? నేరుగా ప్రతి తలుపూ తోసి చూస్తాడు. 2016లో మిరాయ్ చేసింది అదే. ఇళ్లలోని కెమెరాలు, రౌటర్ల దగ్గరికి నేరుగా టెల్‌నెట్ తలుపుకి వెళ్లి, కంపెనీ పెట్టిన పాస్‌వర్డులు 60కి పైగా జతలు ఒక్కొక్కటే వేసి చూసింది. పింగ్ చేయనేలేదు. అదే ఏడాది నవంబర్‌లో జర్మనీలో సుమారు 9 లక్షల ఇళ్ల రౌటర్లు దెబ్బతిన్నాయి. అక్కడ వాడుకున్నది కంపెనీలు దూరం నుంచి రౌటర్లని చూసుకోవడానికి తెరిచిపెట్టిన తలుపు. పింగ్ గడి ఆపేసినా ఆ తలుపు మూసుకోదు.

ఇంకోటి. ఎవడైనా మన లైను మీద పింగుల వరద పంపితే, మన రౌటర్ పలక్కపోయినా ఆ వరద మన లైను దాకా వచ్చేసినట్టే. జవాబు పంపే ఖర్చు మిగులుతుంది గానీ వచ్చేది ఆగదు.

మరీ భయపడి ఐసీఎంపీ మొత్తం మూసేసేవాళ్లు ఉన్నారు. ఇది ఇంకా చెరుపు. పెద్ద ప్యాకెట్ చిన్న దారిలో పట్టకపోతే, "చిన్నది చేసి పంపు" అని చెప్పే కబురు కూడా ఐసీఎంపీలోనే వస్తుంది. మామూలు లైనులో 1500 బైట్లు పడితే, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టి కనెక్ట్ అయ్యే పీపీపీఓఈ లైనులో 1492 మాత్రమే పడతాయి. ఆ కబురు రానివ్వకపోతే కొన్ని పేజీలు తెరుచుకుంటాయి, కొన్ని తిరుగుతూనే ఉంటాయి. స్కాలర్‌షిప్ ఫారంలో సర్టిఫికెట్ అప్‌లోడ్ మధ్యలో ఆగిపోతే సైటునే తిడతాం. లోపం మన ఫైర్‌వాల్‌లో కూడా ఉండొచ్చు. కొత్త ఐపీవీ6లో అయితే ఐసీఎంపీ లేకుండా పక్క కంప్యూటర్‌ని కూడా గుర్తుపట్టలేం. అందుకే 2007 మేలో వచ్చిన సలహా పత్రం ఐపీవీ6లో పింగ్‌ని కూడా ఆపొద్దు అంది. అక్కడ ఒక్క ఇంటి నెట్‌వర్క్‌లోనే అడ్రసులు లెక్కలేనన్ని, వరసగా పింగ్ చేసి వెతకడం అయ్యే పని కాదు.

తమ్ముడికి నేను చెప్పింది ఇది. ఇంట్లో పాత ఐపీ మీద ఆ ఒక్క గడి ఆపేసుకో, నష్టం పెద్దగా లేదు. కానీ ముందు రౌటర్ స్టేటస్ పేజీలో బయటి వైపు అడ్రస్ చూడు. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, నువ్వు కంపెనీ పెట్టిన ఉమ్మడి అడ్రస్ వెనక ఉన్నావు. బయటి ప్రపంచం పింగ్ నీదాకా రానే రాదు, ఆ గడి ఎలా ఉన్నా ఒకటే. పరీక్షించాలంటే ఇంటి వైఫై నుంచి కాదు, ఫోన్ మొబైల్ డేటా నుంచి పింగ్ చేయి. తర్వాత అసలు పనులు చెయ్యి: అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చు, బయటి నుంచి రౌటర్‌ని తెరిచే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపు, డబ్ల్యూపీఎస్ ఆపు, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చెయ్యి. హాస్టల్లో, ఊళ్లో పదిమంది వాడే నెట్ అయితే, లోపలి వైపు పింగ్ తెరిచే ఉంచు. రేపు నెట్ పోతే లోపం వెతికేది మనలో ఒకడే, వాడికి కావాల్సిన మొదటి పనిముట్టు అదే.

మన పిల్లల బ్యాంకు ఖాతాలు, హాల్ టికెట్లు, కుల ధ్రువీకరణ పత్రాలు అన్నీ ఇప్పుడు ఆ చిన్న పెట్టె గుండానే పోతున్నాయి. పిలుపుకి పలకలేదని దొంగ వెనక్కి పోడు. తలుపుకి గడియ ఉంటే పోతాడు. పాత జాగ్రత్త ఏ కాలంలో, ఏ దెబ్బకి పుట్టిందో తెలుసుకుంటే, ఇప్పుడు గడియ ఎక్కడ పెట్టాలో మనకే తెలుస్తుంది.

ఈరోజు ఇంటికెళ్లి మీ రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంకా కంపెనీ పెట్టిందేనా చూడండి. అయితే మార్చండి. మార్చాక కింద ఒక్క మాట రాయండి, ఎంతమందిమి మార్చామో లెక్కేద్దాం.

జై ఆదివాసీ.