కొత్త ప్రాసెసర్‌కు ఏ ర్యామ్ సరిపోతుంది?

విడిభాగాలు కొని డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించుకునే ఇళ్లు మన సంఘాల్లో ఇప్పటికీ చాలానే ఉన్నాయి. పిల్లల చదువులకు, ఆన్‌లైన్ తెలుగు తరగతులకు, వార్షిక సంచిక డీటీపీ పనికి ల్యాప్‌టాప్ కంటే అదే గిట్టుబాటు. అయితే ప్రాసెసర్ గురించి నలుగురిని అడిగి తెలుసుకునేవారు కూడా ర్యామ్ దగ్గరికి వచ్చేసరికి ‘పదహారు జీబీ వేసేయండి’ అని ఊరుకుంటారు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. కృత్రిమ మేధ సర్వర్లకు మెమరీ గిరాకీ పెరగడమే దీనికి ప్రధాన కారణం. పైగా సీలు విప్పిన ర్యామ్‌ను చాలా దుకాణాలు వెనక్కి తీసుకోవు. కాబట్టి బెంగళూరు ఎస్పీ రోడ్డుకో, చెన్నై రిచీ స్ట్రీట్‌కో, ముంబై లామింగ్టన్ రోడ్డుకో బయల్దేరే ముందు ఈ కింది వివరాలు చూసుకోవలసిందిగా మనవి.

మెమరీని నడిపించే కంట్రోలర్ ఇప్పుడు ప్రాసెసర్ లోపలే ఉంటుంది. అందువల్ల ఏ రకం ర్యామ్ అన్నది మొదట ప్రాసెసరే చెబుతుంది. ఏఎండీ వారి విషయం తేలిక. ఏఎం4 సాకెట్‌కు వచ్చే పాత రైజెన్‌లకు, అంటే 5000 సిరీస్ వరకు, డీడీఆర్4 మాత్రమే. 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్‌కు, అంటే 7000, 8000జీ, 9000 సిరీస్‌లకు, డీడీఆర్5 మాత్రమే.

చిక్కంతా ఇంటెల్ దగ్గరే. 12, 13, 14 తరాల కోర్ ప్రాసెసర్లు రెండు రకాలనూ నడపగలవు. అంతమాత్రాన రెండింటిలో ఏది కొన్నా పనిచేస్తుందని కాదు. మదర్‌బోర్డు మీద ఉన్న స్లాట్లు సాధారణంగా ఒకే రకానివి. ఐ5-12400 కొన్నవారు డీడీఆర్4 బోర్డు తీసుకుంటే డీడీఆర్4, డీడీఆర్5 బోర్డు తీసుకుంటే డీడీఆర్5 కొనాలి. ఒకే మోడల్ బోర్డు రెండు రూపాల్లోనూ దొరుకుతుంది. పేరు చివర డీ4 అనో డీడీఆర్4 అనో ఉండే చిన్న ముక్క ఒక్కటే తేడా. ఆ ముక్క చదవకుండా డబ్బు కట్టవద్దు. బరంపురం, యానాం వంటి ఊళ్ల నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవారు మరీ జాగ్రత్తగా చూడాలి. కొత్త కోర్ అల్ట్రా 200 సిరీస్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు మాత్రం డీడీఆర్5 తప్ప మరొకటి లేదు.

మా సభ్యుల్లో ఒకరి మనవడు రైజెన్ 5 7600, దానికి తగిన బోర్డు కొని, పాత కంప్యూటర్‌లోని రెండు డీడీఆర్4 స్టిక్‌లు పెట్టుకుంటే డబ్బు మిగులుతుందనుకున్నాడు. అమ్మినవారు అడగనూ లేదు, చెప్పనూ లేదు. డీడీఆర్4, డీడీఆర్5 స్టిక్‌లు రెంటికీ 288 పిన్నులే, పొడవూ ఒకటే. కింద ఉండే గాటు మాత్రం వేరే చోట ఉంటుంది. కుర్రాడు తెలివైనవాడు, బలవంతంగా నొక్కలేదు. నొక్కి ఉంటే కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు కొత్త బోర్డు స్లాట్ విరిగేది. స్టిక్ కూర్చోనంటే అది అక్కడిది కాదని అర్థం.

ఇక స్పీడు. 12400కు ఇంటెల్ అధికారికంగా చెప్పేది డీడీఆర్4 అయితే 3200, డీడీఆర్5 అయితే 4800. రైజెన్ 7000 సిరీస్‌కు 5200, 9000 సిరీస్‌కు 5600. అంతకంటే ఎక్కువ స్పీడు స్టిక్ పెడితే నష్టం లేదు, సాధారణంగా తగ్గించుకుని నడుస్తుంది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసిన 6000 వంటి అంకె రావాలంటే బయోస్‌లో ఎక్స్‌ఎంపీ గానీ, ఏఎండీ అయితే ఎక్స్‌పో గానీ ఆన్ చేయాలి. హెచ్610 వంటి చౌక బోర్డులో ఆ పెంచే వసతి లేదు. అలాంటి బోర్డుకు ఖరీదైన స్పీడు ర్యామ్ అంటగట్టబోతే వద్దని చెప్పండి.

ఒక 16 జీబీ స్టిక్ కంటే రెండు 8 జీబీ స్టిక్‌లు జోడీగా ఉంటే మెమరీ రెండు దారుల్లో పనిచేస్తుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్లలో ఈ తేడా బాగా తెలుస్తుంది. కానీ బోర్డుకు రెండే స్లాట్లు ఉండి, పని తెలుగు టైపింగు, చందాల లెక్కలే అయితే ఇప్పటి ధరల్లో ఒక 16 తీసుకుని రెండో స్లాట్ ఖాళీ ఉంచుకోవడమే మేలని మా అభిప్రాయం. ముందుముందు అదే పార్టు నంబరుది ఇంకొకటి వేయవచ్చు. జోడీగా అమ్మిన కిట్ అంత ఖాయంగా కుదురుతుందని మాత్రం చెప్పలేం. నాలుగు స్లాట్లు ఉన్నాయి కదా అని నాలుగూ నింపకండి. రైజెన్ 7000, 9000లలో నాలుగు స్టిక్‌లు పెడితే అధికారిక స్పీడు 3600కు పడిపోతుంది. 32 జీబీ కావాలంటే రెండు 16లు తీసుకోండి. నాలుగు స్లాట్ల బోర్డులో వాటిని సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి.

సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో చౌకగా దొరికే కొన్ని డీడీఆర్4 స్టిక్‌లు సర్వర్లలోంచి తీసినవి. స్లాట్‌లో చక్కగా కూర్చుంటాయి, కంప్యూటర్ మాత్రం లేవదు. లేబుల్ మీద పీసీ4తో మొదలయ్యే వరుసలో, స్పీడు అంకె తర్వాత వచ్చే గీతకు అవతల ‘ఆర్’ ఉంటే అది సర్వర్‌ది, ‘యు’ ఉంటే మనది.

బోర్డు తయారీదారు వెబ్‌సైట్‌లో క్యూవీఎల్ అనే జాబితా ఉంటుంది. వారు పెట్టి చూసిన ర్యామ్‌ల పార్టు నంబర్లు అందులో ఉంటాయి. జాబితాలో లేనిది పనిచేయదని కాదు, ఉన్నదైతే గొడవ తక్కువ. అదే వెబ్‌సైట్‌లో, మీ ప్రాసెసర్‌కు ఏ బయోస్ వెర్షన్ కావాలో కూడా రాసి ఉంటుంది. పాత స్టాకు ఏఎం5 బోర్డుకు 9000 సిరీస్ ప్రాసెసర్ పెట్టేటప్పుడు బయోస్ అప్‌డేట్ అవసరం కావచ్చు. దాన్ని దుకాణంలోనే చేయించండి.

డీడీఆర్5 మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉండవచ్చు. మెమరీని సరిచూసుకుంటోందన్నమాట. కంగారుపడి స్విచ్ ఆపకండి. విండోస్ వచ్చాక టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ నొక్కితే స్పీడు ఎంత, ఎన్ని స్లాట్లు నిండాయి అన్నది కనిపిస్తుంది. అది చూశాకే బాకీ కట్టండి. బిల్లు మీద ‘16 జీబీ ర్యామ్’ అని కాకుండా పూర్తి పార్టు నంబరు, సీరియల్ నంబరు రాయించుకోండి. ఇది గుమాస్తా చాదస్తం అనుకున్నా సరే, వారంటీకి వెళ్లినప్పుడు అడిగేది ఆ నంబర్లనే.