మన ఊళ్ల పేర్లు మోసే శిలాజాలు

హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్‌ను మన పిల్లల్లో కొందరు విహారయాత్రల్లో చూసే ఉంటారు. యామన్‌పల్లి దగ్గర దొరికిన రాక్షస బల్లి అది. పెద్దవాటికి పేరొస్తుంది. మనం ఇక్కడ చెప్పుకునేది అరచేతిలో, కొన్నిసార్లు గోటి మీద ఇమిడే వాటి గురించి.

మాలేరి ఎముకలను మొదట సేకరించినవారిలో స్టీఫెన్ హిస్లాప్ ఒకరు. ఆయన నాగపూర్‌లో ఉన్న స్కాట్లండ్ మిషనరీ. రాళ్లతో పాటు మన లింగో గాథను కూడా రాసుకున్నారు. 1863లో వాగు దాటుతూ మునిగి చనిపోయారు. ఆ గాథ 1866లో అచ్చయింది. ఒకే మనిషి సంచిలో మన నేల ఎముకలూ, మన పెద్దల పాటా! భూగర్భ శాస్త్రంలోని ‘గోండ్వానా’ అనే మాట కూడా మన గోండుల పేరు నుంచి పుట్టిందే.

తర్వాత 1957లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు మహలనోబిస్ ఆహ్వానం మీద లండన్ నుంచి పమేలా రాబిన్సన్ వచ్చారు. లెక్కల సంస్థకు ఎముకలతో పనేమిటని అడగకండి, గోదావరి లోయ పరిశోధన అక్కడి నుంచే ఊపందుకుంది. ఆ సంస్థలో పనిచేసిన శంకర్ ఛటర్జీ 1980లో ‘మాలేరిసారస్ రాబిన్సనే’ను వివరించారు. సుమారు నాలుగడుగుల సరీసృపం. దాని అస్థిపంజరాలు రెండు దొరికిన చోటు చూడండి: మొసలిలాంటి ‘పారాసుకస్ హిస్లోపి’లు రెండింటి కడుపు భాగంలో! ఇరవై కోట్ల ఏళ్లకు పైబడిన భోజనం అది.

రెబ్బెన దగ్గరి పైకాసిగూడెంలో దొరికినవి ఇంకా చిన్నవి. అక్కడ తవ్వి ఎముక పట్టుకోవడం కుదరదు. మట్టిని ఎండబెట్టి, నీళ్లలో నానబెట్టి, సన్నటి జల్లెడలో కడగాలి. మిగిలిన నలుసులను ఆరబెట్టి మైక్రోస్కోపు కింద ఏరాలి. హాస్టల్ వంటగదిలో బియ్యంలో మెరికలు ఏరుతాం చూశారా, అదే పని, కాకపోతే ఏరే మెరిక ఒక పన్నో, దవడ ముక్కో అవుతుంది. అలా దొరికిన వాటికే 2001లో ‘గోదావరిసారస్’, ‘రెబ్బనసారస్’ అని, 2002లో ‘భారతాగమా రెబ్బనెన్సిస్’ అని పేర్లు పెట్టారు. మొదటి రెండూ బల్లుల్లా కనిపించినా బల్లులు కావు. ఆ వంశంలో ఇవాళ మిగిలింది న్యూజిలాండ్‌లోని టువటారా ఒక్కటే.

మనం చెప్పుకున్న ఈ పేర్లలో మనుషులు రాబిన్సన్, హిస్లాప్. మనవి ఊళ్లూ, గోదావరీ. మన పిల్లల్లో ఎవరూ భూగర్భ శాస్త్రం చదవకపోతే తర్వాతి పేరు కూడా ఇలాగే ఉంటుంది. డిగ్రీలో జియాలజీ తీసుకోమంటే ఉద్యోగం వస్తుందా అంటారు. బొగ్గు గనుల పక్కన పెరిగినవాళ్లు అడగాల్సిన ప్రశ్నేనా ఇది?

ఈలోపు చేలోనో, వాగు గట్టునో ఎముకలాంటి రాయి కనిపిస్తే పెకలించకండి. ఏ పొరలో ఉందో తెలియకపోతే దాని విలువ సగం పోతుంది. పక్కన పెన్ను పెట్టి ఫోటో తీయండి, స్థలం రాసుకోండి, మీ సైన్సు టీచరుకు చూపించండి. ఆ చోటును మీ తాతలు ఏ పేరుతో పిలుస్తారో అది కూడా రాయండి.