వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో కొత్త ఆటగాళ్ళకు అనువైన వర్గాలు

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనునది అమెరికాకు చెందిన బ్లిజార్డ్ ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థ 2004 నవంబరు 23న విడుదల చేసిన ఆన్‌లైన్ ఆట. ఇందులో ప్రతి ఆటగాడు ముందుగా తన పాత్రకు ఒక జాతిని, ఒక వర్గాన్ని ఎంచుకోవాలి. ఈ వర్గాన్నే క్లాస్ అంటారు. పాత్ర ఏ ఆయుధం పట్టవచ్చు, ఏ కవచం ధరించవచ్చు, ఏ విద్యలు నేర్వవచ్చు అన్నది వర్గాన్ని బట్టి ఉంటుంది. రుసుము చెల్లించి పాత్ర పేరును, జాతిని, పక్షాన్ని మార్చుకోవచ్చును గాని వర్గాన్ని మార్చుకొనే వీలు లేదు. వర్గం నచ్చని ఆటగాడు మరొక పాత్రను సృష్టించుకోవలసినదే. కనుక కొత్తవారికి ఈ ఎంపిక ముఖ్యమైనది.

నేపథ్యం

ఆటలలో పాత్రలను వర్గాలుగా విభజించే పద్ధతి 1974లో వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటతో వ్యాప్తిలోకి వచ్చింది. అందులో మొదట యోధుడు, మాంత్రికుడు, పూజారి అనే మూడు వర్గాలే ఉండేవి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ తొమ్మిది వర్గాలతో మొదలైంది. అవి వారియర్, పాలడిన్, హంటర్, రోగ్, ప్రీస్ట్, షామన్, మేజ్, వార్‌లాక్, డ్రూయిడ్. తరువాత డెత్ నైట్ (2008), మంక్ (2012), డీమన్ హంటర్ (2016), ఎవోకర్ (2022) చేరాయి. 2007 వరకు పాలడిన్ అలయన్స్ పక్షానికి, షామన్ హోర్డ్ పక్షానికి మాత్రమే పరిమితమై ఉండేవి.

అనువైన వర్గం లక్షణాలు

బలమైన వర్గం వేరు, సులభమైన వర్గం వేరు. కొత్త ఆటగాడు తప్పులు చేయడం సహజం. ఒక తప్పు చేసిన తరువాత కూడా పాత్ర బ్రతికి ఉండగలిగితే ఆ వర్గం కొత్తవారికి అనువైనదని చెప్పవచ్చును. మామూలు ఆటలో పాత్ర మరణిస్తే దెయ్యం రూపంలో తన శవం వద్దకు నడిచి వెళ్ళి మళ్ళీ బ్రతుకుతుంది. సంపాదించిన అనుభవం పోదు గాని, ధరించిన వస్తువులు అరిగిపోతాయి, సమయం వృథా అవుతుంది. దీనిని తప్పించుకోవడానికి నాలుగు గుణాలు తోడ్పడతాయి.

- దూరం నుండి దాడి చేయగలగడం
- శత్రువు దెబ్బలను తనకు బదులు మరొకరు కాయడం
- తన గాయాలను తానే మాన్పుకోగలగడం
- ప్రమాదం ముంచుకొచ్చినపుడు తప్పించుకొనే ఉపాయం ఉండడం

హంటర్

పై గుణాలలో ఎక్కువ భాగం హంటర్‌లో, అనగా వేటగాడిలో కనిపిస్తాయి. వేటగాడు విల్లు లేదా తుపాకితో దూరం నుండి పోరాడతాడు. అతడు మచ్చిక చేసుకున్న జంతువు ముందుకు వెళ్ళి దెబ్బలు కాస్తుంది. పరిస్థితి చేయి దాటితే చనిపోయినట్లు నటించి శత్రువును ఏమార్చే విద్య కూడా ఉన్నది.

2004 నాటి ఆటలో ఈ సౌకర్యాలు మొదటి నుండీ లభించేవి కావు. జంతువును మచ్చిక చేసుకొనే విద్య 10వ స్థాయిలోను, చనిపోయినట్లు నటించే విద్య 30వ స్థాయిలోను లభించేవి. బాణాలు కొనుక్కోవాలి, జంతువుకు ఆహారం పెట్టాలి. శత్రువు మరీ దగ్గరకు వస్తే విల్లు పనిచేయదు. 2010లో వచ్చిన కాటాక్లిజమ్ విస్తరణతో బాణాల అవసరం తొలగింది, మొదటి స్థాయి నుండే జంతువు తోడుగా లభించసాగింది. పాత ఆటను 2019 ఆగస్టులో క్లాసిక్ పేరుతో మళ్ళీ విడుదల చేశారు. అందులో పాత నియమాలే వర్తిస్తాయి.

ఇతర వర్గాలు

- వార్‌లాక్: ఇతడికి జంతువు బదులు భూతాలు తోడు ఉంటాయి. క్లాసిక్‌లో 10వ స్థాయిలో లభించే వాయిడ్‌వాకర్ అనే భూతం దెబ్బలు కాస్తుంది.
- పాలడిన్: గట్టి కవచం, గాయాలు మాన్పుకొనే విద్య రెండూ కలవు. క్లాసిక్‌లో ఇతడు త్వరగా చావడు, శత్రువును త్వరగా చంపనూ లేడు.
- డ్రూయిడ్: ఎలుగుబంటిగా, పిల్లిజాతి మృగంగా రూపం మార్చుకోగలడు. ఒకే పాత్రతో అన్ని విధాల ఆటనూ రుచి చూడవచ్చును గాని, నేర్వవలసిన విద్యలు ఎక్కువ.
- మేజ్: శత్రువు కాళ్ళను మంచుతో బంధించి దూరం జరగగలడు. వస్త్రమే కవచం గనుక శత్రువు చేతికి చిక్కితే నిలువలేడు.
- వారియర్: చూడడానికి తేలికగా తోచే వర్గం. కాని శత్రువుకు ఎదురుగా నిలబడక తప్పదు, క్లాసిక్‌లో గాయాలు మాన్పే మంత్రం లేదు, మంచి ఆయుధం లేనిదే ముందుకు సాగడం కష్టం.

బృందంలో ఆట

సాధారణంగా ఐదుగురి బృందంలో దెబ్బలు కాచే ట్యాంక్ ఒకరు, గాయాలు మాన్పే హీలర్ ఒకరు, దాడి చేసేవారు ముగ్గురు ఉంటారు. ఒంటరి ఆటలో వేటగాడికి మేలు చేసిన అలవాట్లే ఇక్కడ చిక్కులు తెస్తాయి. జంతువు చేసే గ్రౌల్ అనే గర్జన శత్రువును తనవైపు తిప్పుకుంటుంది. ఒంటరిగా ఉన్నపుడు అది రక్ష, బృందంలో మాత్రం ట్యాంక్ పనికి అడ్డు. అందువలన బృందంలో చేరే ముందు గర్జనను ఆపివేయాలి. ఎత్తైన చోటు నుండి వేటగాడు క్రిందికి దూకితే, జంతువు చుట్టు దారిన వస్తూ దారిలోని శత్రువులనందరినీ వెంట తీసుకురావచ్చును. ఈ సంగతులు ఒంటరి ఆటలో తెలిసి రావు. కొత్త వేటగాళ్ళను బృందాలలో కొందరు చిన్నచూపు చూడడానికి ఇదే ముఖ్య కారణం.

ట్యాంక్, హీలర్ స్థానాలకు ఆటగాళ్ళు తక్కువ గనుక వారికి బృందం త్వరగా దొరుకుతుంది. అయితే వారు చేసే ఒక్క తప్పుతో ఐదుగురూ మరణించవచ్చును.

ఒకే ప్రాణంతో ఆట

2023 ఆగస్టులో బ్లిజార్డ్ సంస్థ క్లాసిక్‌లో హార్డ్‌కోర్ సర్వర్లను ప్రారంభించింది. వీటిలో మరణించిన పాత్ర ఆ సర్వరులో మళ్ళీ బ్రతకదు. నెలల శ్రమ ఒక్క తప్పుతో పోవచ్చును. వేటగాడి వంటి వర్గాల విలువ, వారియర్‌తో ఉన్న ప్రమాదం ఇక్కడ స్పష్టంగా తెలుస్తాయి.

ఎంపిక విధానం

2011 నుండి ప్రధాన ఆటలో 20వ స్థాయి వరకు రుసుము లేకుండా ఆడవచ్చును. కనుక రెండు మూడు వర్గాలను 10వ స్థాయి వరకు ఆడి చూసి, తరువాత ఒకదానిని నిశ్చయించుకొనుట మేలు. ఒంటరిగా ఆడదలచిన వారికి హంటర్, వార్‌లాక్ అనువైనవి. మిత్రులతో కలిసి ఆడదలచిన వారు బృందంలో ఏ స్థానం ఖాళీగా ఉన్నదో ముందుగా తెలుసుకోవాలి. మిత్రుల తోడు ఉన్నపుడు పాలడిన్ వంటి వర్గంతో మొదలుపెట్టినా ఇబ్బంది ఉండదు.