కథాలోకము క్రీడారంగమగుట: పాలమూరు సాక్ష్యములు

వనపర్తి నుండి 1952లో హైదరాబాదు శాసనసభకు ఎన్నికైన సురవరము ప్రతాపరెడ్డిగారు అంతకు మూడేండ్ల ముందే, 1949లో, 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'ను ప్రకటించియుండిరి. 1955లో కేంద్ర సాహిత్య అకాడమి తెలుగునకు ఇచ్చిన మొట్టమొదటి బహుమానము ఆ గ్రంథమునకే లభించినది. అప్పటికి వారు గతించి రెండేండ్లైనది. రాజుల వంశావళులతో పాటు జనుల తిండి, బట్ట, ఆటపాటలు కూడ చరిత్రకు తగిన వస్తువులేయని ఆ గ్రంథము నిరూపించినది. అయితే ఆటల చరిత్ర వ్రాయువారికి ప్రధానాధారములు కావ్యములే. అచ్చటనే ఒక చిక్కు కలదు. కావ్యము ఆట పేరు చెప్పును. ఆడు తీరు చెప్పదు. అయ్యలరాజు నారాయణామాత్యుడు 'హంసవింశతి'లో ఆటల పేర్లను వరుసగా గుదిగ్రుచ్చినాడు. వానిలో పెక్కింటిని నేడు మనము చదువగలము గాని ఆడలేము.

ఈ చిక్కును మనస్సున నుంచుకొని మేమొక క్రొత్త విషయమును పరిశీలింపదలచితిమి. పాశ్చాత్యదేశములలో కొంతకాలముగా హాస్యాద్భుత కథల లోకములను బల్లచుట్టు కూర్చుండి ఆడు పాత్రధారణ క్రీడలుగా మార్చుచున్నారు. టెర్రీ ప్రాచెట్ నవలల లోకము 1998లో 'గర్ప్స్ డిస్క్‌వరల్డ్' అను క్రీడాగ్రంథమైనది. ఫోలియో దంపతులు 2001లో అచ్చున ఆరంభించి 2005లో అంతర్జాలమునకు మరల్చిన 'గర్ల్ జీనియస్' చిత్రకథకును అట్టి గ్రంథమే వెలువడినది. ఇట్టి క్రీడలకు మూలము గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు 1974లో ప్రకటించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. దానికి వెనుక ప్రష్యా సైన్యాధికారి రైస్విట్స్ 1824లో ప్రచురించిన యుద్ధక్రీడయు, అందలి మధ్యవర్తియు ఉన్నారు. ఒకడు లోకమును వర్ణించును. తక్కినవారు తలకొక పాత్రను ధరించి తమ పాత్ర ఏమి చేయునో నోట పలుకుదురు. సందేహము కలిగినచోట పాచికలు తీర్పు చెప్పును.

ఇందు కష్టమెక్కడ? వీరకథను ఆటగా మార్చుట సులభము. శత్రువు బలమింత, ఖడ్గము వాడి యింత అని లెక్క వ్రాసిన చాలును. హాస్యమునకు లెక్క లేదు. కథలో నవ్వు రచయిత మాటతీరున నుండును. ఆటలో రచయిత ఉండడు. కనుక హాస్యలోకమును ఆటగా మార్చువాడు హాస్యోక్తులను గాక, హాస్యము పుట్టుటకు వలసిన నియమములను అందీయవలెను. మన పూర్వులు ఈ పని చేసిరా యన్నదే మా ప్రశ్న.

మొదట వైకుంఠపాళి తలపునకు వచ్చును. అది పురాణలోకమును ఒక పటముపై పరచిన ఆటయే. నిచ్చెనలకు భక్తి, జ్ఞానము మొదలగు సుగుణముల పేర్లు. పాములకు అసురుల పేర్లు. పందొమ్మిదవ శతాబ్ది చివర ఈ జాతి ఆట ఇంగ్లండు చేరి పిల్లల పాముల పటమైనది. కాని ఇందు ఆటగానికి స్వాతంత్ర్యము లేదు. గవ్వ ఎట్లు పడిన అట్లు నడువవలసినదే. వేదాంతి మెచ్చునేమో గాని, పాత్రధారణ కిందు తావు లేదు. పులిమేకలో దీనికి విపర్యాసము. మూడు పులులు, పదునైదు మేకలు, ఇరువదిమూడు కూడళ్లు. ఇరుపక్షముల ధర్మములు వేరు, బుద్ధికి కావలసినంత పని. కాని ఆ పులికి పూర్వకథ లేదు.

కథయు స్వేచ్ఛయు కూడిన చోటు తోలుబొమ్మలాట. దానిని గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది; ఏలనన దాని పునాది ఈ సీమలోనిదే. బొమ్మలాటవారు రామాయణ ప్రదర్శనమునకు ఆధారముగా గొన్నది ద్విపద రంగనాథ రామాయణము. దాని కర్తృత్వమును గూర్చి విమర్శకులలో వాదము కలదు గాని, గ్రంథము పదుమూడవ శతాబ్దిలో వర్ధమానపురమేలిన గోన బుద్ధారెడ్డి పేర ప్రసిద్ధము. ఆ వర్ధమానపురమే నేటి నందివడ్డెమాను. 2016లో ఏర్పడిన నాగర్‌కర్నూల్ జిల్లాలోనిది. వాల్మీకమున లేని ఉడుత కథ వంటివి ఇందు చేరినవి. అనగా గ్రంథకర్తయే మూలలోకమున క్రొత్త పాత్రలకు చోటిచ్చినాడు.

బొమ్మలాటవారు మరొక అడుగు వేసిరి. లంకలో యుద్ధము జరుగుచుండగా తెరపైకి జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు దూకుదురు. వీరు ఏ రామాయణమునను లేరు. వీరి మాటలు ఏ తాళపత్రమునను లేవు. కాని వీరు తలచినట్లెల్ల ప్రవర్తింపరు. బంగారక్క గయ్యాళితనము, పోలిగాని మూర్ఖత, కేతిగాని కొంటెతనము స్థిరములు. వారి నడుమ కలహము స్థిరము. ఆ రాత్రి ఆ యూర ఏ మాట పేలునో అది మాత్రము అస్థిరము. రాముని పద్యమును మార్చు నధికారము వీరికి లేదు. దానిపై వ్యాఖ్యానించు నధికారము కలదు. మేము పైన కోరిన నియమములివియే. పాత్ర స్వభావము, పరస్పర వైరము, మూలకథను తాకరాని హద్దు: ఈ మూటిని నేర్చిన బొమ్మలాటగాడు ఏ యూరనైనను నవ్వు పుట్టింపగలడు. ఈ విద్య గురుముఖమున వచ్చునదే గాని పుస్తకమున లభించునది కాదు.

ఇందుకు తోడు చదువుకొన్నవారి సభలలోనుండి ఒక సాక్ష్యము చూపవచ్చును. గద్వాల, ఆత్మకూరు సంస్థానములు తిరుపతి వేంకట కవులను సత్కరించినవి. వారు వెలయించిన అష్టావధానమున ఎనమండ్రు పృచ్ఛకులు; అందొకడు అప్రస్తుత ప్రసంగి. వాని పని అసందర్భముగా మాటాడి అవధాని ధారణను చెదరగొట్టుట. అసందర్భమే వానికి విధింపబడిన ధర్మము! పండితసభలో సైతము మనవారు హాస్యమును యాదృచ్ఛికమునకు విడువక, ఒక పీటవేసి కూర్చుండబెట్టిరి.

ఇచ్చట ఒక ఆక్షేపము రాగలదు. బొమ్మలాటలో ఆడువాడు వేరు, చూచువాడు వేరు. పాత్రధారణ క్రీడలో అందరును ఆడువారే. ఇది సమంజసమైన ఆక్షేపమే. బొమ్మలాట పాత్రధారణ క్రీడయని మేమనుట లేదు. అవధానము దానికి కొంత దగ్గరది. అందు పృచ్ఛకుడును పాలుగొనును. గెలుపోటములు గవ్వకు వదలుట మాత్రము ఈ రెంటను లేదు, అది వైకుంఠపాళిలోనిది. పాశ్చాత్యుల క్రీడలో ఒకచోట కూడిన అంగములు మన యొద్ద వేర్వేరు వాడుకలలో చెదరియున్నవనుటయే మా నిర్ణయము. నేడు ఎవరైన తెలుగు హాస్యలోకమొకదానిని క్రీడగా మార్చబూనినచో పరదేశపు లెక్కల పట్టికకంటె ముందు కేతిగాని నియమములను చూచుట మేలని మా యభిప్రాయము.

అయితే ఆ నియమములను చూచుటెట్లు? అనంతపురపు సీమలోని నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేయు కుటుంబములు నేటికిని ఉన్నవి. ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. తోలును చిత్తడిచేసి దీపపు మూతలుగా అమ్ముట వారికి జీవనోపాధియైనది. బొమ్మ రూపము ఇట్లు నిలుచుచున్నది. రాత్రి తెల్లవార్లు ఆడు ఆట మాత్రము అరుదైనది. ద్విపదకు ముద్రిత ప్రతులున్నవి, దానికేమియు భయము లేదు. పోలిగాని మాటకు ప్రతి లేదు. హంసవింశతిలోని ఆటలకు పట్టిన గతియే దీనికిని పట్టుటకు ఎంతో కాలము పట్టదు. అప్పుడు బంగారక్క అను పేరు మాత్రము నిఘంటువున మిగులును.

కావున పరిశోధక విద్యార్థులు బొమ్మలాటవారి కడకు పోయినపుడు, రామాయణ ఘట్టములతో పాటు హాస్యపాత్రల ప్రవేశములను కూడ వ్రాసికొనవలెనని మా మనవి. ఏ ఘట్టము తరువాత ఎవరు వచ్చిరి, ఏ మాటకు ఊరివారు నవ్విరి, నవ్వనిచో ఆటగాడు ఏమి మార్చెను, ఏ పాత్ర ఎదుట ఏ మాట అనరాదని గురువు చెప్పెను: ఈ ప్రశ్నలు అడుగవలెను. ఒకే బృందమును రెండూళ్లలో చూచినచో ఏది నియమమో, ఏది ఆనాటి స్ఫురణయో వేరుపడును. నందివడ్డెమాను పరిసరములతోనే ఈ పని ఆరంభించుట యుక్తము. బొమ్మలాటను చిన్ననాట చూచిన వృద్ధులెవరైన అచ్చట దొరికినచో, వారి జ్ఞాపకమున నిలిచినది రాముని పద్యమా, పోలిగాని మాటా యని మొదట అడుగవలెను.